తాడు లాగే ధైర్యం



టయోటా కార్లు ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టవని చాలామందికి నమ్మకం. ఆ పేరు ఒక మగ్గం దగ్గర మొదలైందని మీకు తెలుసా?

సకిచి టయోడా జపాన్‌లో ఒక వడ్రంగి కొడుకు. 1924లో ఆయన తయారుచేసిన మరమగ్గం, దారం తెగితే దానంతటదే ఆగిపోయేది. దాంతో గుడ్డ పాడయ్యేది కాదు. ఆయన కొడుకు కీచిరో 1937లో టయోటా కార్ల కంపెనీ స్థాపించారు.

మగ్గం సూత్రమే కార్ల ఫ్యాక్టరీకీ వచ్చింది. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగవచ్చు. టీమ్ లీడర్ వచ్చి సాయం చేస్తాడు. అప్పటికీ సరికాకపోతే లైన్ ఆగుతుంది. ఆ తర్వాత "ఎవరు చేశారు?" అని వెతకరు. "ఎందుకు జరిగింది?" అని ఐదుసార్లు అడుగుతారు, అసలు కారణం దొరికేదాకా.

అలాగని ఆ కంపెనీ తప్పులు చేయలేదని కాదు. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేకపోయింది. 2009-10లో లక్షలాది కార్లను వెనక్కి పిలిచారు. అప్పటి అధ్యక్షుడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు క్షమాపణ చెప్పారు.

ఈ నెల యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి వస్తాయి. మార్కులు తగ్గిన పేపర్‌ను బ్యాగులో దాచే పిల్లలు, తాడు లాగడానికి భయపడుతున్నట్టే. కోప్పడకుండా "ఎందుకు?" అని మెల్లగా అడగండి. లెక్క వచ్చినా, ప్రశ్న సరిగా చదవలేదని తేలవచ్చు. అది మీకు తెలిస్తేనే కదా, సరిదిద్దగలిగేది!