చిన్న డిస్కుల పెద్ద యంత్రం

రిచర్డ్ ఈగన్, రోజర్ మరీనో కాలేజీ నాటి స్నేహితులు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఈఎంసీ అనే కంపెనీ పెట్టి, చేతిలో డబ్బు ఆడడం కోసం ముందు ఆఫీసు ఫర్నిచర్ అమ్మారు. తర్వాత కంప్యూటర్లకు మెమరీ బోర్డులు చేశారు. 1980ల చివరికి కంపెనీ నష్టాల్లో పడింది. డేటా దాచే సిమెట్రిక్స్ అనే యంత్రం రూపుదిద్దుకున్నది ఆ గడ్డుకాలంలోనే, ఇజ్రాయెల్ నుంచి వచ్చిన మోషే యనాయ్ అనే ఇంజనీరు చేతుల మీదుగా.

అప్పట్లో పెద్ద బ్యాంకుల భారీ కంప్యూటర్లకు, అంటే మెయిన్‌ఫ్రేములకు, డేటా దాచే యంత్రాలు చాలామటుకు ఐబీఎంవే. వాటిలో పది అంగుళాలు దాటిన డిస్కు పళ్ళేలు తిరిగేవి. ఖరీదూ ఎక్కువే, ఆక్రమించే చోటూ ఎక్కువే. యనాయ్ బృందం ఐదుంపావు అంగుళాల చౌక డిస్కులు తెచ్చి ఒకే పెట్టెలో వరసగా పేర్చింది.

చిన్న డిస్కు చౌకే గానీ నెమ్మది. చెడిపోతుందన్న భయం కూడా ఉంది. ఈ రెంటికీ కనిపెట్టిన విరుగుడే ఈ యంత్రానికి ప్రాణం. డిస్కు మీద ఒక సమాచారం చదవాలంటే దాన్ని చదివే చెయ్యి కదలాలి, పళ్ళెం తిరిగి సరైన చోటు ఆ చెయ్యి కిందికి రావాలి. చిప్పు మెమరీతో పోలిస్తే ఇది వేల రెట్లు ఆలస్యం. అందుకని డిస్కులకు ముందు క్యాష్ అనే పెద్ద చిప్పు మెమరీని పెట్టారు. మెయిన్‌ఫ్రేము పంపింది ముందు అందులో చేరుతుంది, 'అందింది' అన్న జవాబు వెంటనే వెళ్తుంది, డిస్కు మీదికి ఆ తర్వాత తీరిగ్గా ఎక్కుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీలు. డిస్కు చెడేలా ఉంటే యంత్రమే మోడెమ్‌తో కంపెనీకి ఫోను చేసి చెప్పేది!

నన్నడిగితే అసలు తెలివి ఇంకొకటి. సిమెట్రిక్స్ ఐబీఎం డిస్కులాగే మాట్లాడేది. మెయిన్‌ఫ్రేముకు తేడా తెలిసేది కాదు. కొన్న బ్యాంకు ఒక్క ప్రోగ్రామునైనా మార్చుకోనక్కర్లేదు. ఐబీఎం కోటలోకి తలుపు తెరిచింది ఈ గుణమే.

1990లో వచ్చిన మొదటి యంత్రం 24 గిగాబైట్లు పట్టేది. 1994లో, దూరాన ఉన్న మరో యంత్రంలోకి ఎప్పటికప్పుడు నకలు పంపే సాఫ్ట్‌వేర్ తోడైంది. ఊళ్ళో ప్రమాదం జరిగినా బ్యాంకు ఖాతాలు భద్రం. 1990ల మధ్యకల్లా మెయిన్‌ఫ్రేము నిల్వలో ఈఎంసీ ఐబీఎంను దాటేసింది. డిస్కులు ఎవరైనా కొనగలిగేవే. ఈఎంసీ లాభమంతా వాటిని నడిపించే తెలివికి పడిన ధర.

2000లో ఆదాయం 887 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది డాట్‌కామ్ (ఇంటర్నెట్ కంపెనీల) పతనంలో 50 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అప్పుడు కుంగిపోకుండా 2004లో వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొనడం ఆ కంపెనీ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. తెలివి పెట్టెలోంచి సాఫ్ట్‌వేర్‌లోకి వలసపోతోందని ఆ కొనుగోలే చెబుతోంది. 2016లో ఈఎంసీ డెల్‌లో కలిసిపోయింది.

సిమెట్రిక్స్ వంశంలో 2018లో పవర్‌మ్యాక్స్ వచ్చింది. తిరిగే డిస్కు ఒక్కటీ లేదు, అన్నీ ఫ్లాష్ చిప్పులే. అయినా మెయిన్‌ఫ్రేముకు తగిలిస్తే ఇప్పటికీ అది 1989 నాటి ఐబీఎం 3390 డిస్కుగానే పలుకుతుంది.