రాసిన కోడ్‌నే మళ్లీ మళ్లీ దిద్దుతున్నారా? ఎక్కడ ఆపాలో తెలియాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. "పని ఇంకా అయిపోలేదా బేటా?" అని అమ్మీ అడిగితే, "అయిపోయింది అమ్మీ, కానీ కోడ్ బాగా రాలేదు, మళ్లీ రాస్తున్నా" అంటారు. నిద్ర తగ్గుతుంది, ఇచ్చిన గడువు దాటిపోతుంది. కొత్త ఉద్యోగికి ఇది చిన్న విషయం కాదు.

ఈ యావ ఎందుకు వస్తుంది? ఆరు నెలల కింద రాసిన కోడ్ ఇవాళ చూస్తే తప్పులే కనబడతాయి, ఎందుకంటే ఈ ఆరు నెలల్లో నేర్చుకున్నది ఎక్కువ. అంటే అది ఎదుగుదలకు గుర్తే. పైగా కోడ్‌ను ఎన్నిసార్లైనా మార్చవచ్చు. గద్వాల నేతకారుడికి ఆ వీలు లేదు. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసేటప్పుడే పోగు పోగు చూసుకోవాలి. మగ్గం దిగిన చీరను విప్పి మళ్లీ నేయరు. ప్రోగ్రామర్‌కు మాత్రం ఆపే మగ్గం లేదు, తానే ఆపుకోవాలి.

పాత కోడ్‌లో వంకరగా కనబడే లైన్లు చాలాసార్లు ఊరికే ఉండవు. ఎప్పుడో వచ్చిన సమస్యకు వేసిన మందు అది. తెలియక తీసేస్తే పాత జబ్బు మళ్లీ వస్తుంది. నెట్‌స్కేప్ కథ ఇందుకు ఉదాహరణ. 1997లో నాలుగో వెర్షన్ తెచ్చిన ఆ కంపెనీ, పాత కోడ్ పక్కనపెట్టి కొత్తగా రాయడానికి దిగింది. తర్వాతి పెద్ద వెర్షన్ 2000 నవంబర్‌లో గానీ రాలేదు. ఈలోపు మార్కెట్ మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. ఆ కోడ్ నుంచే 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది గానీ, నెట్‌స్కేప్ మాత్రం కోలుకోలేదు.

అలాగని దిద్దడమే తప్పు కాదు. డొనాల్డ్ క్నూత్ తన టెక్ ప్రోగ్రామ్‌ను 1982లో పూర్తిగా తిరగరాశారు. 1990లో మాత్రం ఇక కొత్త సౌకర్యాలు చేర్చను, తప్పులు మాత్రమే సరిచేస్తాను అని ప్రకటించారు. అప్పటి నుంచి ఒక్కో సవరణకు వెర్షన్ సంఖ్యలో 'పై' విలువలోని ఒక్కో అంకె పెరుగుతోంది. అంత పట్టుదల గల మనిషి కూడా గీత గీసుకున్నారు.

మరి ఏం చేయాలి? ఆ కోడ్‌లో కొత్త పని చేర్చాల్సి వచ్చినప్పుడు, లేదా అందులో తప్పు బయటపడినప్పుడు మాత్రమే ముట్టుకోవాలి. ముందు టెస్టులు రాసుకోవాలి. బయటికి చేసే పని మారకుండా, లోపలి అమరికను చిన్న చిన్న అడుగుల్లో మార్చుకుంటూ పోవాలి. దీన్నే రీఫ్యాక్టరింగ్ అంటారు. గిట్‌లో ప్రతి అడుగునూ భద్రం చేస్తే వెనక్కి రావడం సులువు. దిద్దడానికి గంటో రెండు గంటలో ముందే పెట్టుకుని, టైం అయిపోగానే సీనియర్‌కు చూపించాలి. చూడటానికి బాగా లేదనే ఒక్క కారణంతో నడుస్తున్న కోడ్‌ను కదిలించకపోవడమే మేలు.

ఇంట్లోవాళ్లు కూడా "ఎందుకంత ఆలస్యం" అని గద్దించే బదులు, "ఇది నడుస్తుందా? వాడేవాళ్లకు ఇబ్బంది ఉందా?" అని అడగాలి. నడుస్తుంటే, ఇబ్బంది లేకుంటే, ఆ రాత్రికి ల్యాప్‌టాప్ మూసేయమని చెప్పొచ్చు.