మోడును లెక్కపెట్టని లెక్క

సరుగుడు చెట్టు నుంచి సూదిలాంటి పచ్చని పుల్ల ఒకటి తుంచి, రెండు కొసలూ పట్టుకుని లాగి చూడండి. కణుపు దగ్గర పుటుక్కున ఊడి వస్తుంది. కణుపు చుట్టూ కంటికి ఆనీ ఆనని పళ్లలాంటి పొలుసులుంటాయి. సరుగుడుకు అసలైన ఆకులు అవే. మనం ఆకు అనుకునేది సన్నటి రెమ్మ. భోగాపురం, పూసపాటిరేగ వైపు తీరం వెంట బారులు తీరిన ఈ చెట్లను దూరం నుంచి చూసి పైన్ కోవకు చెందినవనుకుంటారు చాలామంది. ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన, పూలు పూసే చెట్టు. దీనికీ పైన్‌కూ చుట్టరికం లేదు. ఈ పొరపాటు వల్ల ఎవరికీ నష్టం లేదు. తోటను చూసి అడవి అనుకోవడం వల్ల మాత్రం నష్టం చాలా ఉంది.

ముదురు అడవి అంటే ఏమిటో శాస్త్రం తేల్చుకున్నది అసలైన పైన్ కోవ అడవుల్లోనే. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అడవి 1948 నుంచి ఉంది. అక్కడి డగ్లస్ ఫర్ చెట్లు వందల ఏళ్లు బతుకుతాయి. జెర్రీ ఫ్రాంక్లిన్, ఆయన సహచరులు 1981లో ఇచ్చిన నివేదిక ముదురు అడవికి ప్రధానంగా నాలుగు గుర్తులు చెప్పింది: బతికున్న మహావృక్షాలు, నిలబడి చచ్చిన మోడులు, నేల మీద కూలిన మానులు, వాగుల్లో అడ్డంపడ్డ మానులు. నాలుగింటిలో మూడు చచ్చిన చెట్లే! అంతవరకూ కలప లెక్కలో అవి దండగ సరుకు. నిజానికి కూలిన మాను వాన నీటిని స్పంజిలా పట్టి ఉంచుతుంది. దాని మీదే హెమ్లాక్ మొక్కలు వేళ్లూనుతాయి. వాగులో పడ్డది నీటి జోరు తగ్గించి చేపలకు మడుగు కడుతుంది. పైన ముసలి కొమ్మల మీద పెరిగే ఒక లైకెన్ గాలిలోని నత్రజనిని పట్టి కింది నేలకు అందిస్తుంది. మానులు ఎలా చివికిపోతాయో చూడటానికి అక్కడ 1985లో మొదలైన ప్రయోగానికి పెట్టుకున్న గడువు రెండు వందల ఏళ్లు.

మన తూర్పు కనుమల్లో సహజంగా పెరిగే పైన్ లేదు. అరకు దారిలో అనంతగిరి దగ్గర కనిపించేవి మనిషి నాటినవి. కానీ ఆ నాలుగు గుర్తుల వెనకున్న సూత్రం పార్వతీపురం, సాలూరు కొండలకూ వర్తిస్తుంది. హిమాలయాల పాదాల నుంచి దిగివచ్చిన గుగ్గిలం చెట్టు, అంటే సాల వృక్షం, దక్షిణాన ఉత్తరాంధ్ర కొండల దాకానే వచ్చి ఆగింది. దాని గింజకు ఆయుష్షు వారం పది రోజులే. తొలకరి వేళ రాలి, ఆ కాస్త వ్యవధిలోనే తడి నేల దొరికితే మొలుస్తుంది. మొలిచినా వెంటనే పెరగదు. వేసవికో, కార్చిచ్చుకో పైకాడ ఏటేటా ఎండిపోతుంది, వేరు మాత్రం లోపల లావెక్కుతూ ఉంటుంది. పక్కన ఓ పెద్ద చెట్టు కూలి వెలుతురు పడ్డాక గానీ నిలువునా లేవదు. మన పెళ్లిభోజనాల విస్తళ్లకు ఆకులిచ్చిన అడ్డతీగ కూడా అంతే, పెద్ద చెట్టు ఆసరా దొరికితేనే పైకి పాకి ఎండను అందుకుంటుంది. పెద్దముక్కు హార్న్‌బిల్ పక్షి గూడు కట్టదు. ముసలి చెట్టు తొర్రలో ఆడపక్షి తనను తానే మూసేసుకుని గుడ్లు పొదుగుతుంది, మగపక్షి సన్నటి సందులోంచి తిండి అందిస్తుంది. పదేళ్ల చెట్టుకు అంత తొర్ర ఎక్కడిది?

మన లెక్కల్లో ఈ వయసుకు విలువ లేదు. దేశ అటవీ సర్వే సంస్థ నిర్వచనం ప్రకారం ఒక హెక్టారుకు తగ్గని నేలలో కొమ్మల నీడ పది శాతమైనా ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. చెట్టు ఏ జాతిదైనా, నేల ఎవరిదైనా ఒకటే. జీడితోటా, నీలగిరి తోటా, గుగ్గిలపు అడవీ ఒకే పద్దులో పడతాయి. గనుల దగ్గరా ఇదే లెక్క నడుస్తుంది. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది గరివిడి పరిసరాల్లోని కోడూరు గనుల్లోనే. అలాంటి గనుల మట్టిదిబ్బల మీద మొక్కలు నాటడం మంచి పని, మట్టి జారకుండా కాపాడుతుంది. అయితే కొట్టేసిన ముదురు అడవికి అది బదులని చెప్పడం ఒప్పుకోదగ్గది కాదు. 2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం డబ్బు సమకూర్చగలదు, నూరేళ్లను సమకూర్చలేదు.

లేత చెట్లు చురుగ్గా పెరిగి బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా పీల్చవా అని అడుగుతారు. తోట మొత్తంగా చూస్తే కొన్నాళ్లు ఆ వేగం నిజమే. కానీ ముదురు అడవి దగ్గరున్నది తరాల నిల్వ. కొట్టిన రోజు నుంచే ఆ నిల్వ కరగడం మొదలవుతుంది. పైగా 403 జాతులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, చాలా జాతుల్లో చెట్టు లావయ్యేకొద్దీ ఏడాదికి పెంచుకునే బరువు కూడా పెరుగుతోందని తేలింది. రైతు నాలుగేళ్లకు కొట్టి అమ్ముకునే సరుగుడు మీద నాకు ఏ పేచీ లేదు. అది పంట, దాన్ని పంటగానే గౌరవిద్దాం. అసలు బరువైన అభ్యంతరం మరొకటి: మోడులను ముట్టవద్దంటే కొండ మీది సవరలు, జాతాపులు వంటచెరకుకు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నను పక్కకు నెట్టే హక్కు మైదానంలో గ్యాస్ పొయ్యి వెలిగించుకునే మనకు లేదు. అయితే తలమోపులో ఇమిడేది చేతిమందం ఎండుపుల్ల. హార్న్‌బిల్‌కు కావలసింది ఇద్దరు మనుషులు కావిలించుకున్నా అందని మాను. దాన్ని కొట్టడానికి రంపం కావాలి, దించడానికి లారీ కావాలి.