గాలిలో ప్రయాణించు సాలీళ్ళు

శరదృతువునందు ఇంగ్లండులోని పచ్చికబయళ్ళపై ఉదయపుటెండ పడినపుడు వేలకొలది సన్నని దారములు తళతళ మెరయుచుండును. వానిని వదలినవి చాలవరకు లినిఫియిడే అను కుటుంబమునకు చేరిన సాలీళ్ళు. ఈ కుటుంబమున నాలుగువేలకు పైగా జాతులు కలవు. పెక్కింటి శరీరము మూడు మిల్లీమీటర్లకు మించదు. ఆవగింజకు కాళ్ళు మొలచినట్లుండును. ఇంగ్లండువారు వీనిని ‘డబ్బు సాలీళ్ళు’ అందురు. బట్టలపై ప్రాకినచో ధనలాభము కలుగునని వారి నమ్మకము. బల్లిపాటునకు ఫలములు చెప్పు తెలుగువారికి ఇది వింతగా తోచదు.

నేలకు కొంచెమెత్తున, గడ్డిదుబ్బుల నడుమ, ఈ సాలీడు దుప్పటి పరచినట్లు గూడు అల్లి, దాని అడుగున తలక్రిందుగా వ్రేలాడుచుండును. పైన అడ్డదిడ్డముగా కట్టిన దారములకు తగిలి పురుగు దుప్పటిపై పడినంతనే, క్రిందనుండి కరచి లోనికి లాగికొనును. గోధుమపైరు రసమును పీల్చు పేనుబంకయు దీనికి ఆహారమే. ఇది రైతునకు కూలి అడుగని కావలివాడు. కాని కోతయు దుక్కియు దాని గూటిని ఒక్కపూటలో నాశనము చేయును. పురుగుమందు దొంగతోపాటు కావలివానిని కూడ చంపును.

ఇంత చిన్న ప్రాణి నడచి మరియొక చేను చేరుట ఎట్లు? అది గడ్డిపోచ కొనకెక్కి, కాళ్ళ కొనలపై నిలిచి, పొట్ట పైకెత్తి సన్నని దారమును వదలును. దారము లేచును, దానితో సాలీడును లేచును. 1832 నవంబరు 1వ తేదీన బీగిల్ నౌక దక్షిణ అమెరికాలోని ప్లాటా నదీముఖము వద్ద, తీరమునకు 60 మైళ్ళ దూరమున నుండెను. దాని త్రాళ్ళపై సాలెదారములను, వానిని పట్టుకొనియున్న అసంఖ్యాకములైన సాలీళ్ళను ఛార్లెస్ డార్విన్ చూచెను. ఒక్కొక్కటి అంగుళములో పదియవ వంతు మాత్రమే.

గాలియే వీనిని మోయునని పలువురు తలచిరి. కాని గాలి బలముగా వీచునపుడు ఇవి బయలుదేరవు! 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎరికా మోర్లీ, డేనియల్ రాబర్ట్ అను శాస్త్రజ్ఞులు, గాలి కదలని పెట్టెలో ఈ కుటుంబపు సాలీళ్ళను ఉంచి విద్యుత్ క్షేత్రమును కల్పించిరి. అవి పొట్టలెత్తి దారములు వదలినవి; కొన్ని పైకి లేచినవి; విద్యుత్తు ఆపగనే క్రిందికి దిగినవి. మబ్బులేని దినమున సయితము నేలపై గాలిలో మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రముండును. సాలీడు కాళ్ళపైనున్న సన్నని వెండ్రుకలు దానికి కదలును. కావున గాలితోపాటు ఈ శక్తియు వానిని మోయగలదు.

ఎచ్చట దిగవలెనో నిర్ణయించుకొనుట మాత్రము సాలీడు చేతిలో లేదు. నీటిపై పడినచో కొన్ని జాతులు కాళ్ళనెత్తి, తెరచాప కట్టిన పడవవలె గాలికి సాగిపోవును. దున్నిన చేనిలో క్రొత్తపైరు మొలకెత్తునప్పటికి, అచ్చటకు మొట్టమొదట వచ్చి చేరు వేటగాండ్రలో ఇవియు నుండును.