మోత తగ్గాలి, వేగం తగ్గకూడదు

రేసుకారు అన్నాక మోత వుండాల్సిందే అని మన కుర్రకారులో ఒక గట్టి నమ్మకం వుంది. సైలెన్సరు పీకేసిన బుల్లెట్టు మీద తార్నాక నుంచి సికింద్రాబాదు స్టేషనుదాకా దడదడలాడిస్తూ పోయే మిత్రుణ్ణి అడిగి చూడండి. "పికప్ పెరిగిందిరా" అంటాడు గాని ఎంత పెరిగిందో చెప్పడు. కొలిస్తే కదా చెప్పడానికి! మోత బలానికి గుర్తు కాదు. సిలిండరులో వాడుకోకుండా మిగిలిపోయి బయటికి పోయే శక్తిలో అదొక చిన్న తునక.

ఈ సంగతి హుస్సేన్‌సాగర్ ఒడ్డున రెండు నెలల తేడాతో అందరికీ వినపడింది. 2022 డిసెంబరులో అక్కడి వీధుల్లోనే ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు పరుగెత్తాయి. వాటిలో వున్నది 1100 సి.సి. ఏప్రిలియా నాలుగు సిలిండర్ల మోటారుసైకిలు ఇంజను. ఆ కేక చెవులు మూసుకున్నా ఆగేది కాదు. 2023 ఫిబ్రవరి 11న అదే ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్లు పోటీపడ్డాయి. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మోటార్ల కీచు, టైర్ల రాపిడి తప్ప మరో చప్పుడు లేదు. వేగానికేమీ కొదవ రాలేదు. (మరుసటి ఏడాది జరగాల్సిన పందెం రద్దయిందనుకోండి, దానికి కారణాలు వేరు.)

అయితే పెట్రోలు కారు తయారుచేసే విద్యార్థి జట్టుకు విద్యుత్ కారును చూసి ముచ్చటపడితే సరిపోదు. ఫార్ములా స్టూడెంట్ అని ప్రపంచమంతటా ఇంజనీరింగు విద్యార్థులకు ఒక పోటీ వుంది. మనదేశంలో ఫార్ములా భారత్ పేరుతో కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతూ వచ్చింది. జట్టువాళ్ళే ఒంటిసీటు కారును డిజైను చేసి, కట్టి, తీసుకువెళ్ళి నడపాలి. అందులో ఆటోక్రాస్ అని ఒక పరుగు. మైదానంలో కోనులు పెట్టి వంకర దారి గీస్తారు, ఒక్కొక్క కారునే వదిలి గడియారం పట్టుకుంటారు. ఆ దారిలోకి దిగే ముందు తనిఖీలు దాటాలి. బ్రేకుల పరీక్ష, కారును పక్కకు వాల్చి చూసే పరీక్ష, వాటితోపాటు శబ్ద పరీక్ష. ఏడాదిపాటు నిద్ర మానుకుని కట్టిన కారు బ్రహ్మాండంగా నడుస్తూనే, కేవలం మోత ఎక్కువై గీత ఇవతలే నిలిచిపోవచ్చు. అందుకని ఈ విషయం ఆఖరి వారంలో చూసుకునేది కాదు.

పరీక్ష ఇలా చేస్తారు. పొగగొట్టం మూతికి అర మీటరు దూరంలో, మూతికి 45 డిగ్రీల వాలుగా మీటరు పట్టుకుంటారు. కారు కదలదు, గేరు వుండదు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు 103 డెసిబెల్స్, నిర్ణీత వేగానికి పెంచినప్పుడు 110 డెసిబెల్స్ మించకూడదు. ఆ నిర్ణీత వేగం పిస్టను సగటు వేగం మీద ఆధారపడుతుంది: నిమిషానికి 914.4 మీటర్లు, అంటే 3000 అడుగులు. మన జట్లు చాలా వాడిన కె.టి.ఎం. 373 సి.సి. ఇంజనులో స్ట్రోకు 60 మి.మీ. కాబట్టి లెక్క కడితే నిమిషానికి సుమారు 7500 చుట్లు వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే వుంది. మీటరు కొలిచేది సి-స్కేలు మీద. మామూలుగా ఊళ్ళో శబ్ద కాలుష్యం కొలిచేది ఏ-స్కేలు మీద. మన చెవికి లోతైన గంభీర ధ్వనులు అంతగా ఆనవు గనుక, ఏ-స్కేలు వాటిని బాగా తగ్గించి లెక్క కడుతుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. సి-స్కేలు అదే చోట ఒక డెసిబెల్ కూడా కొయ్యదు. ఇప్పుడు మన ఇంజనును చూడండి. ఒకే సిలిండరు, నాలుగు స్ట్రోకులు. రెండు చుట్లకు ఒక పేలుడు. 7500 చుట్లకు నిమిషానికి 3750, సెకనుకు 62.5 దెబ్బలు! సరిగ్గా ఏ-స్కేలు చూసీ చూడనట్టు వదిలేసే చోట, సి-స్కేలు పట్టుకునే చోట మన ఇంజను డప్పు కొడుతోందన్నమాట. "చెవికి బాగానే తగ్గిందండీ, మీటరే తప్పు చెబుతోంది" అని జట్లు వాదనకు దిగేది అందుకే. మీటరు తప్పేమీ చెప్పదు.

శబ్దం పుట్టే తీరు తెలిస్తే మందు తెలుస్తుంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే క్షణానికి సిలిండరులో ఒత్తిడి బయటి గాలికంటే ఎన్నో రెట్లు వుంటుంది. ఆ వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఒక దెబ్బ, మళ్ళీ ఒక దెబ్బ. దీనివల్ల వచ్చేది లోతైన 'దబదబ'. వేగంగా దూసుకుపోయే వాయువు గొట్టం అంచులను ఒరుసుకుని చేసే సీత్కారం వేరు, అది సన్నని పై స్థాయి ధ్వని. ఈ రెండు జబ్బులకు ఒకే మాత్ర పనిచెయ్యదు.

రేసు సైలెన్సర్లలో ఎక్కువగా కనపడేది చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాసు ఊలు, పైన డబ్బా. వాయువు అడ్డం లేకుండా నేరుగా పోతుంది గనుక బలం దాదాపు తగ్గదు. సన్న ధ్వనులను ఊలు చక్కగా మింగేస్తుంది. లోతు ధ్వనిని మాత్రం మింగలేదు. కారణం అలల పొడవు. 500 డిగ్రీల వేడి వాయువులో ధ్వని సెకనుకు దాదాపు 557 మీటర్లు పోతుంది. 62.5 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 9 మీటర్లు. తొమ్మిది మీటర్ల అలకు రెండంగుళాల ఊలు పొర ఏ మూలకు?

దానికి కావలసింది చోటు. సన్నని గొట్టం హఠాత్తుగా పెద్ద డబ్బాలోకి తెరుచుకుంటే, అలలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. డబ్బా చివర మళ్ళీ గొట్టం సన్నబడేచోట ఇంకొంత తిరుగుతుంది. ముందుకు పొయ్యేది తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది డబ్బా, గొట్టం అడ్డుకోతల నిష్పత్తి మీద, డబ్బా పొడవు మీద వుంటుంది. 4 సెం.మీ. గొట్టానికి 8 సెం.మీ. వ్యాసం, అర మీటరు పొడవు గల డబ్బా పెడితే మన 62.5 హెర్ట్జ్ దగ్గర పుస్తకం లెక్కకు ఒకటిన్నర డెసిబెల్ తగ్గుతుంది. పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అదే పొడవుతో 16 సెం.మీ. డబ్బా పెడితే 9 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. 'అందంగా సన్నగా వుండాలి' అని సైలెన్సరును ఎన్నుకునే మిత్రులు ఈ రెండు అంకెలను వర్కుషాపు గోడ మీద రాసుకోవాలి.

అంత డబ్బాకు చోటు లేకపోతే మరో వుపాయం పక్క కుండ. గోలీసోడా సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా. అలాటి సీసాను గొట్టానికి పక్కగా తగిలిస్తే, తన స్వరాన్నే అది అడ్డుకుంటుంది. మెడ పొడవు, మెడ వెడల్పు, కడుపు ఘనపరిమాణం మార్చి దాన్ని 62.5 దగ్గర శ్రుతి చెయ్యొచ్చు. ఇంజను వేగం మారితే శ్రుతి తప్పుతుంది, అదే దీని లోపం. పరీక్ష నిర్ణీత వేగంలోనే గనుక ఈ లోపం అక్కడ పెద్దగా బాధించదు. ఇది పరీక్షకు మాత్రమే చదివినట్టు కాదా అని అధ్యాపకులు అడగవచ్చు. కొంతవరకు నిజమే! అందుకే పెద్ద డబ్బా, ఊలు, పక్క కుండ మూడూ కలిపి వాడడం మేలు.

బలం తగ్గిపోతుందన్న భయం ఇక్కడ మరీ అనవసరం. ఈ పోటీలో పెట్రోలు ఇంజను పీల్చే గాలంతా 20 మి.మీ. రంధ్రంలోంచే పోవాలని నిబంధన. ముక్కు మూసిన ఇంజనుకు నోరు ఎంత తెరిచి ఏం లాభం? సైలెన్సరుకన్నా వాల్వు నుంచి మొదటి డబ్బాదాకా వుండే గొట్టం పొడవు ముఖ్యం. తిరిగొచ్చే అల సరయిన వేళకు వాల్వు దగ్గరకు చేరితే మిగిలిన పొగను లాగేస్తుంది, వేళ తప్పితే తోసేస్తుంది. ముందు ఆ పొడవు ఖాయం చేసుకుని, తరవాత డబ్బా తగిలించాలి.

సరుకుకు ఎక్కడికో పోనక్కరలేదు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో గొట్టాలు, రేకు, క్లాంపులు వెతికినవాడికి దొరుకుతాయి. పనిలో మాత్రం జాగ్రత్త కావాలి. వెల్డింగులో సూది బెజ్జమంత సందు వున్నా అక్కణ్ణించి పొగ చిటపటలాడుతుంది. పలచని రేకుతో చేసిన డబ్బా తానే తప్పెటలా మోగుతుంది. చిల్లుల గొట్టానికి ముందు స్టీలు ఊలు చుట్టి, ఆపైన గ్లాసు ఊలు బిగువుగా కూరాలి. లేకపోతే వేడి వాయువు దాన్ని తునకలుగా బయటికి ఊదేస్తుంది. ఊలు కాలిపోతున్నకొద్దీ మోత పెరుగుతుంది. కిందటి ఏడు నెగ్గిన సైలెన్సరు ఈ ఏడు ఓడిపోవచ్చు.

గొట్టం మూతిని మీటరుకు అవతలి వైపు తిప్పడం అనే చిట్కా కొన్ని దేశాల ట్రాకుల్లో నడుస్తుంది, ఎందుకంటే అక్కడ మీటరు ట్రాకు పక్కన ఒకేచోట వుంటుంది. సన్న ధ్వనులు కొంత పక్కకు పోతాయి, తొమ్మిది మీటర్ల అల మాత్రం మలుపు తిరిగి వచ్చేస్తుంది. ఫార్ములా స్టూడెంట్ మీటరు మూతి ఎటుంటే అటే వస్తుంది, అక్కడ ఈ చిట్కా సాగదు.

ఇంత కఠినమెందుకంటారా? ట్రాకు పక్కన మనుషులుంటారు. 1907లో ఇంగ్లండులో తెరిచిన బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెక్కారు. 1920ల్లో అక్కడ ప్రతి కారుకూ సైలెన్సరు తప్పనిసరి అయింది. అమెరికాలో లైమ్ రాక్ ట్రాకు మీద 1959లో కోర్టు ఆదివారం పందేలను నిషేధించింది. మన లెక్కే వేసుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతాయి. అర మీటరు దగ్గర 110 వున్నది 16 మీటర్లకు 80, 256 మీటర్లకు 56. మనదేశపు 2000 నాటి శబ్ద నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగటి హద్దు 55, రాత్రి 45. స్కేళ్ళు వేరు గనుక ఇది ఉజ్జాయింపే, అయినా పావు కిలోమీటరు అవతల ఇంటాయన ఎందుకు విసుక్కుంటాడో తెలుస్తుంది. రోడ్డు మీద బండికయితే సైలెన్సరు వుండి తీరాలని 1989 మోటారు వాహనాల నియమాల్లోనే వుంది. బుల్లెట్టు మిత్రుడికి ఈ ముక్క చదివి వినిపించండి.

చివరిగా పరీక్ష మాట. ఫోనులోని యాప్‌ను నమ్మవద్దు. వంద డెసిబెల్స్ దాటితే ఫోను మైకు చేతులెత్తేస్తుంది. సి-స్కేలున్న అసలు మీటరు ప్రయోగశాలలో వుంటే అడిగి తెచ్చుకోండి, టేపుతో అర మీటరు కొలవండి, వెనక గోడ లేని ఖాళీ చోట పెట్టండి, చెవుల్లో దూది కాదు, సరయిన ప్లగ్గులు పెట్టుకోండి. 110 హద్దయితే 107 వచ్చేదాకా వదలకండి, ఎండలో వేరే మీటరుతో కొలిచినప్పుడు ఆ మూడూ అక్కరకొస్తాయి. ఇంజను స్టార్టు చేసేముందు పక్క హాస్టల్లో పరీక్షలు ఎప్పుడో ఒకసారి కనుక్కోండి.