పందిట్లో కూతపెట్టే గిటారు: పికప్ మారిస్తే సరా?

పెళ్లి పందిట్లో పాట మంచి పట్టుమీద ఉంటుంది. ఉన్నట్టుండి బాక్సుల్లోంచి చెవులు చిల్లులు పడేలా ఒక కూత లేస్తుంది. మైకుసెట్టు కుర్రవాడు పరుగున వచ్చి ఏదో బిరడా తిప్పుతాడు. కూత ఆగుతుంది, దానితోపాటు గిటారు వినిపించడమూ ఆగుతుంది. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మొదలుకొని దుమ్ముగూడెం, చర్ల దాకా ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిల్లోనూ గిటారు పట్టే యువకులకు ఇది తెలియని అవస్థ కాదు. “పికప్ పోయింది, మార్చాలి” అనుకొని విజయవాడకో హైదరాబాదుకో బస్సెక్కడం తరువాతి ఘట్టం. పైసా పైసా కూడబెట్టిన సొమ్ము అక్కడ ఖర్చయిపోతుంది. తిరిగొచ్చాక కూత అలాగే ఉంటే ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే.

ఈ చిక్కు ఎక్కువగా వచ్చేది లోపల సగం డొల్లగా ఉండే ఎలక్ట్రిక్ గిటారుతో. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1958లో ఇ.ఎస్.335 పేరుతో ఈ తరహా గిటారును తెచ్చింది. నడుమ నిలువునా గట్టి కొయ్య దిమ్మ, దానికి ఇటూ అటూ బోలు, పైన పాము వంకరలాంటి రెండు రంధ్రాలు దీని ఆనవాళ్లు. బోలు వల్ల గొంతు తియ్యగా, నిండుగా ఉంటుంది. అయితే బాక్సుల్లోంచి వచ్చే శబ్దం ఆ బోలునూ, పై చెక్కనూ, తీగలనూ కదిలిస్తుంది. ఆ కదలికను పికప్ మళ్లీ పట్టి బాక్సులకు పంపుతుంది. అలా చుట్టూ తిరిగి తిరిగి పెరిగినదే కూత. నడుమ దిమ్మ దాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపలేదు. డప్పు, డోలు ఎరిగిన ఈ ప్రాంతంవారికి డొల్ల ఎందుకు మోగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక పికప్ అంటే ఏమిటి? సైకిలు డైనమో చూసినవారికి సగం తెలిసినట్టే. డైనమోలో తీగచుట్ట పక్కన అయస్కాంతం తిరిగితే దీపం వెలుగుతుంది. పికప్‌లో అయస్కాంతం, చుట్ట కదలవు. వాటిపైన ఉన్న ఉక్కుతీగ ఊగుతుంది. ఆ ఊపుకు చుట్టలో పుట్టే అతి కొద్దిపాటి విద్యుత్తును ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. చుట్టకు వాడే రాగి తీగ మన తలవెంట్రుకకు ఇంచుమించు సమానం. గిటారు పికప్‌లో ఒక్కో చుట్టకు వేల వరుసలు పడతాయి. తెగితే మళ్లీ చుట్టవచ్చు, కాని పొలం మోటారు వైండింగు చేసే చేతికి అందే పని కాదది.

తెలుగువారి సంగీతానికి ఇది మరీ కొత్త సంగతీ కాదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి విద్వాంసుల కాలంలోనే వీణ మీదికి కాంటాక్టు మైకు వచ్చింది. వీణలో ఉక్కు తీగలతోపాటు ఇత్తడి, కంచు తీగలూ ఉంటాయి. అయస్కాంతానికి ఇత్తడి పలకదు కనుక, చెక్క అదురును పట్టే మైకే దానికి తగినది. గోదావరి దిగువన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మరో దారి పట్టాడు. జంట తీగల మాండొలిన్‌ను అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా చేసుకొని, దానిమీదే కర్ణాటక సంగీతం పలికించాడు. గమకం చెవికి అందాలంటే తీగ మోత చాలాసేపు నిలవాలి. అది పికప్ వల్ల సాధ్యమయింది. వాద్యాన్ని బట్టి, పాటను బట్టి పికప్‌ను ఎంచుకోవడమంటే ఇదే.

జబ్బు ఏదో ముందు తేల్చాలి

కూత వేరు, గుయ్‌మనే రొద వేరు, గొంతు బొంగురుపోవడం వేరు. మూడింటికీ పికప్‌నే తిట్టడం అన్యాయం. శబ్దం వచ్చిపోతూ ఉంటే వైరు కొననో, జాక్‌నో అనుమానించాలి. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే అది కంట్రోల్‌లో పేరుకున్న దుమ్ము. గోదావరి ఒడ్డున వానాకాలం తేమకు జాక్‌లకు చిలుము పట్టడం వింతేమీ కాదు. పాత తీగలు మార్చి, వైరు మార్చి, జాక్ టంకం సరిచేసి చూస్తే చాలా గిటార్లు బాగుపడతాయి. అప్పుడు మిగిలేది బస్సు చార్జీ ఒక్కటే కాదు.

కూత వస్తుంటే ముందు ఖర్చులేని పనులు చేయాలి. బాక్సుకు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడాలి. రంధ్రాల్లో స్పాంజిగాని మెత్తటి గుడ్డగాని కుక్కి చూడాలి. అయినా సన్నటి కీచుకూత పోకపోతే అప్పుడు పికప్ దోషమే కావచ్చు. చుట్టలో తీగలు వదులై వాటంతట అవే అదురుతుంటాయి. దానికి మందు మైనం. నాలుగు పాళ్లు కొవ్వొత్తి మైనం, ఒక పాలు తేనెమైనం కరిగించి, సుమారు 65 డిగ్రీల వేడిలో పికప్‌ను ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచుతారు. నేరుగా మంట మీద పెట్టకూడదు, మైనం అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కాచాలి. వేడి మరీ ఎక్కువైతే లోపలి ప్లాస్టిక్ వంకరపోతుంది. మన్యంలో తేనెమైనానికి కరువు లేదు గదా! కొత్తది కొనేవారు మాత్రం మైనం పట్టించినదేనా అని దుకాణంలోనే అడగాలి.

గుయ్‌మనే రొద కథ వేరు. ఒంటిచుట్ట పికప్ తీగ ఊపుతోపాటు కరెంటు రొదను కూడా పడుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూఇటూ మారుతుంది, ఆ మోతే అది. ట్యూబులైట్ల చోకులు, సీరియల్ బల్బులు దగ్గరుంటే మరీ ఎక్కువ. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంత ధ్రువాలనూ ఎదురు చేసి జోడిస్తే, రొదను రొదే కొట్టేస్తుంది, పాట మిగులుతుంది. దీన్నే హంబకర్ అంటారు. ఒంటిచుట్ట పికప్ గొంతు ఎంత ముద్దుగా ఉన్నా, పెళ్లి పందిట్లో వాయించేవారికి హంబకరే శ్రేయస్కరం.

ప్రాణంతో చెలగాటం

రొద తగ్గుతుందని కొందరు ప్లగ్గులో ఎర్తు తీగ కత్తిరించేస్తారు, లేదా రెండు కాళ్ల ప్లగ్గు పెడతారు. ఇంతకన్నా పెద్ద పొరపాటు లేదు. ఎలక్ట్రిక్ గిటారు తీగలు బ్రిడ్జి గుండా ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. ఎర్తు లేని ఆంప్లిఫయర్‌లో కరెంటు లీకయితే అది తిన్నగా వేళ్లమీదికి వస్తుంది. మరో సెట్టు మైకుకు పెదవి తగిలితే ఒంట్లోంచి దారి దొరుకుతుంది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారిస్టు వేదికమీదే, వాయిస్తున్న గిటారు ఉండగా ఎర్తు లేని మైకు ముట్టుకొని మరణించాడు. అతని వయసు 30 దాటలేదు. ఏ పికప్ మార్చినా ఈ ప్రమాదం తప్పదు. ఉప్పు, బొగ్గు వేసి గొయ్యి తీసి దించిన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు కొట్టేసే బ్రేకరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాట మొదలు కాకముందు టెస్టరు ఒకసారి తీగలకూ, మైకు జాలీకీ తాకించడానికి నిమిషం పట్టదు.

ఇంత చూశాక కూడా గొంతు మార్చాలనే అనిపిస్తే, అప్పుడు ఎంపిక. దుకాణాల్లో “ఎక్కువ పవరు” అని ఊరించేవాటి జోలికి పోకపోవడం మేలు. సగం డొల్ల గిటారు సహజంగానే మంద్రం ఎక్కువ పలుకుతుంది. దానికి బలమైన పికప్ తగిలిస్తే స్వరాలు ముద్దయిపోతాయి, డొల్ల ఇచ్చే తీపి పోతుంది, కూతా పెరుగుతుంది. మల్టీమీటరుతో కొలిస్తే మెడ దగ్గరి పికప్ 7 నుంచి 7.5 కిలో ఓములు, బ్రిడ్జి దగ్గరిది 8, 8.5 ఉంటే చాలు. బ్రిడ్జి దగ్గర తీగ ఊపు తక్కువ కనుక అక్కడ ఒక పిసరు బలం కావాలి. ఓములే సర్వస్వమనీ అనుకోరాదు. సన్నతీగతో చుడితే బలం పెరగకుండానే ఓములు పెరుగుతాయి. అయస్కాంతాల్లో ఆల్నికో 2 మెత్తన, ఆల్నికో 5 కొంచెం పదును, సిరామిక్ మరింత పదును. చర్చిలో పాటకు అండగా వాయించేవారికి మెత్తనిది, డ్రమ్ముల హోరులో సినిమా పాటలు వాయించేవారికి ఆల్నికో 5 నప్పుతాయి.

కొనేముందు కొలతలు రాసి పెట్టుకోవాలి. బ్రిడ్జి దగ్గర మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం కొన్నింటిలో 50 మిల్లీమీటర్లు, కొన్నింటిలో 52. పికప్ మేకులు తీగల కిందికి రావాలి గదా! గిటారులోని వాల్యూమ్ కంట్రోళ్లు 500 కిలో ఓములవేనా అనీ చూడాలి. 250వి ఉంటే హంబకర్ గొంతు మూగబోయినట్టు ఉంటుంది.

బిగించేటప్పుడు అసలు తిప్పలు మొదలవుతాయి. ఈ రకం గిటార్లలో చాలావాటికి వెనక మూత ఉండదు. కంట్రోళ్లన్నీ పక్క రంధ్రంలోంచే బయటికి తీసి, మళ్లీ దానిలోంచే లోపలికి పంపాలి. తీసేముందు ఒక్కో దానికి గట్టి దారం కట్టి రెండో కొస బయట ఉంచుకోవాలి. బావిలో పడ్డ చేదను తాడుతో లాగినట్టు, తరువాత ఆ దారంతోనే దాని చోటికి లాగవచ్చు. దారం కట్టనివారు పూటంతా గిటారును తలకిందులు చేసి ఆడించాల్సి వస్తుంది. ఏ తీగ ఎక్కడ అతికి ఉందో కాగితం మీద బొమ్మ గీసుకోవడం మరవకూడదు.

అన్నీ లోపలికి పంపకముందే ఒకసారి ఆంప్లిఫయర్‌కు తగిలించి, పికప్‌ల మీద స్క్రూడ్రైవరు మెల్లగా తాకించి చూడాలి. టకటకమంటే ప్రాణం ఉన్నట్టు. ఒక్కొక్కటి విడిగా బాగా మోగి, రెండూ కలిపితే గొంతు పీలగా అయిపోతే రెండూ ఎదురెదురుగా పనిచేస్తున్నాయన్నమాట. ఒకదాని తీగలు తారుమారు చేసి అతికిస్తే సర్దుకుంటుంది. పై అల్లిక తీగనే ఎర్తుగా వాడే పాతరకం పికప్‌లలో ఇది కుదరదు, నాలుగు తీగలూ అల్లికా విడిగా ఉన్నవాటిలోనే వీలవుతుంది. కొనేనాడే నాలుగు తీగలది అడిగి తెచ్చుకుంటే రెండోసారి బస్సెక్కే పని ఉండదు.