పాత ఫోన్, ఫ్రీ యాప్‌లు, కాస్త తెలుగు: పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే పిల్లలకు స్పానిష్

నేను గ్యాడ్జెట్ రివ్యూలు రాస్తాను అంటే మా అక్కకి ఒకటే అర్థం. ఏది కొనాలన్నా ముందు నాకు ఫోన్ కొట్టాలి. ఈ మార్చిలో కూడా అలాగే చేసింది. "ఒరేయ్, చిన్నికి స్పానిష్ నేర్పించాలి. ఏ ట్యాబ్ తీసుకోను? 300 డాలర్ల లోపు చెప్పు."

అక్కావాళ్లు ఉండేది అమెరికాలో, టెక్సస్‌లో, డాలస్ దగ్గర. చిన్నికి 7 ఏళ్లు. స్కూల్ అయ్యాక అక్కా బావా ఆఫీసు నుంచి వచ్చేదాకా రెండు గంటలు పక్కింట్లో ఉంటుంది. పక్కింటివాళ్లది మెక్సికో. అక్కడ పిల్లల్ని చూసుకునేది వాళ్ల నాయనమ్మ. ఆవిడకి స్పానిష్ తప్ప ఇంకో భాష రాదు. ఇంకో ఏడాది బాబు ఉన్నాడు, వాడికి అసలు ఏ భాషా రాదు. చిన్ని దాహం వేసినా అడగడం తెలియక, ఇంటికొచ్చేదాకా అలాగే కూర్చుంటోందట.

అది విన్నాక నాకు ట్యాబ్ స్పెసిఫికేషన్లు మాట్లాడబుద్ధి కాలేదు. పైగా అక్క అప్పటికే ఒక పిల్లల భాషా యాప్‌కి డబ్బు పోగొట్టుకుంది. ఫ్రీ ట్రయల్ అన్నారు, క్యాన్సిల్ చేయడం మర్చిపోయింది, ఏడాది డబ్బు ఒకేసారి కట్ అయింది. చిన్ని తొమ్మిదో రోజుకే ఆ యాప్ తెరవడం మానేసింది. "అక్కా, ఏం కొనకు. నాలుగు నెలలు నాకు వదిలెయ్" అన్నాను.

ఇప్పుడు ఆ నాలుగు నెలలు అయ్యాయి. ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో ఇక్కడ చెప్తున్నా. మీ ఇంట్లో తమ్ముడో, చెల్లో, మేనకోడలో ఉంటే ఇదే సెటప్ వాడుకోవచ్చు.

ముందుగా డ్రాయర్‌లో ఉన్న పాత ఫోన్

అక్క దగ్గర బావ పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉంది. ఈ పనికి అది చాలు, ఎందుకంటే వీడియో ఆడటం, కథ చూపించడం, మాట రికార్డ్ చేయడం తప్ప మనకు దానితో వేరే పని లేదు. ఇలా సిద్ధం చేశాం:

1. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. వెనక ప్యానెల్ లేచినట్టు ఉంటే ఆ ఫోన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు.
2. ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్ తీసేయండి, వైఫై మాత్రమే ఉంచండి. పాత ఫోన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి కాబట్టి మీ మెయిన్ అకౌంట్, బ్యాంకు యాప్, కార్డు వివరాలు అందులో ఏవీ ఉండకూడదు.
3. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. దానితో పిల్లల అకౌంట్ పెట్టి, ఏ యాప్‌లు వాడాలో, రోజుకు ఎంతసేపో ఫిక్స్ చేయండి.
4. ప్లే స్టోర్‌లో కొనుగోలుకు పాస్‌వర్డ్ తప్పనిసరి చేయండి. మీ సొంత ఫోన్‌లో కూడా ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి ఒకసారి చూసుకోండి. అక్క పాత సబ్‌స్క్రిప్షన్ ఇంకా అక్కడే ఉంది, వచ్చే ఏడాది మళ్లీ కట్ అవడానికి రెడీగా.
5. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పానిష్ ఆఫ్‌లైన్ ప్యాక్ డౌన్‌లోడ్ చేయండి. జీబోర్డ్‌లో స్పానిష్ కీబోర్డ్ యాడ్ చేయండి. ఇది ఎందుకో కింద చెప్తా, నవ్వొస్తుంది.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. "మొత్తం ఫోన్ భాష స్పానిష్‌కి మార్చేస్తే అదే వచ్చేస్తుంది" అనుకుంటారు. మేమూ చేశాం. రెండో రోజు వైఫై సెట్టింగ్ ఎక్కడుందో అక్కకే దొరకలేదు. దానికన్నా ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కి విడిగా భాష పెట్టుకునే వీలుంది. సెట్టింగ్స్‌లో యాప్ లాంగ్వేజెస్ అని సెర్చ్ చేయండి. సపోర్ట్ చేసే యాప్ ఒక్కటి, పిల్లలకి బాగా అలవాటైనది, స్పానిష్‌లో పెడితే సరిపోతుంది.

వినడానికి, చదవడానికి: నిజంగా ఫ్రీగా దొరికేవి

పోకోయో: స్పెయిన్‌లో 2005లో మొదలైన యానిమేషన్. ఒక్కో ఎపిసోడ్ సుమారు 7 నిమిషాలు. కథ చెప్పే గొంతు ఒక్కటే, నెమ్మదిగా ఉంటుంది, చెప్పే మాటకి తగ్గట్టు బొమ్మ కదులుతుంది. యూట్యూబ్‌లో స్పానిష్ ఛానల్ ఉంది. ఆటోప్లే ఆపేయడం మర్చిపోకండి.

ప్లాసా సేసమో: అమెరికాలోని సెసమీ స్ట్రీట్‌కి మెక్సికో రూపం, 1972 నుంచి ఉంది. పక్కింటి నాయనమ్మ మాట్లాడే యాసకి ఇది దగ్గర, అందుకే మాకు బాగా పనికొచ్చింది.

డ్రీమింగ్ స్పానిష్: టీచర్ బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ స్పానిష్‌లోనే మాట్లాడతారు. సూపర్ బిగినర్ వీడియోలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. ఇవి పెద్దవాళ్ల కోసం చేసినవి. చిన్ని కన్నా నాకే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

స్టోరీవీవర్: ఇది మన దేశానిదే. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన సైట్. బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. తెలుగు కథలూ ఉన్నాయి, స్పానిష్ కథలూ ఉన్నాయి. కొన్ని కథలు రెండు భాషల్లోనూ దొరుకుతాయి. ముందు తెలుగులో, తర్వాత స్పానిష్‌లో చదివితే బొమ్మ చూసి అర్థం పట్టేస్తారు, ప్రతి మాటకీ డిక్షనరీ అక్కర్లేదు.

లిబ్బీ: అమెరికాలో ఉండేవాళ్లకి ఇది బంగారం. ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే స్పానిష్ పిల్లల పుస్తకాలు, ఆడియోబుక్‌లు ఫోన్‌లోకే వస్తాయి.

లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్: పూర్తిగా ఉచితమైన ఆడియో కోర్సు, 90 పాఠాలు. ఇది పిల్లలకి కాదు, నేర్పేవాళ్లకి. అక్క కారులో వింటుంది.

మరి డ్యూయోలింగో? దాన్ని పెట్టింది గ్వాటెమాలాలో పుట్టిన లూయిస్ వాన్ ఆన్, కార్నెగీ మెలన్‌లో ఆయన స్టూడెంట్ సెవెరిన్ హ్యాకర్. 2012 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఫ్రీ వెర్షన్‌లో యాడ్స్, పరిమితులు ఉన్నా మాటలు గుర్తుంచుకోవడానికి పర్లేదు. కానీ చిన్ని స్ట్రీక్ పోతుందని ఏడుస్తూ నిద్రమొహంతో ఆడటం మొదలెట్టింది. మాటలు నేర్చుకోవడం పోయి మంటల బొమ్మని కాపాడుకోవడం మిగిలింది. మూడో వారంలో తీసేశాం.

అసలు ట్రిక్ యాప్‌లో లేదు, మన నోట్లో ఉంది

మొదటి నెల పెద్దగా ఏం జరగలేదు, నిజం చెప్పాలి. చిన్ని వీడియోలు చూసేది, నవ్వేది, నోరు మాత్రం విప్పేది కాదు. ఎందుకో నాకు ఒక వీడియో కాల్‌లో అర్థమైంది. తను స్పానిష్‌ని ఇంగ్లిష్ ద్వారా పలుకుతోంది. టొమాటో అనే మాట స్పానిష్‌లో 'తొమాతె'. తను 'టొమాటే' అంటోంది. అలా అంటే పక్కింటావిడ "ఏంటీ?" అన్నట్టు చూస్తుందట. దాంతో సిగ్గుపడి మూసుకుపోతోంది.

ఇక్కడే మనకో పెద్ద అడ్వాంటేజ్ ఉంది. స్పానిష్ శబ్దాలు ఇంగ్లిష్ కన్నా తెలుగుకే చాలా దగ్గర.

అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా అదే పలుకు. టీ, డీ అక్షరాలు కనిపిస్తే 'ట, డ' వద్దు, 'త, ద' అనాలి. టాకో నిజానికి తాకో. హెచ్ పలకరు, అందుకే హలో చెప్పే మాట 'ఓలా', అచ్చం మన క్యాబ్‌లాగే. వీ అక్షరాన్ని 'బ' అనాలి, ఆవుని 'బాకా' అంటారు. ఇక ర విషయానికొస్తే, 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఈ తేడా ఇంగ్లిష్ వాళ్లకి పెద్ద తలనొప్పి. కర్ర, బర్రె, గొర్రె అనగలిగే పిల్లకి ఇదో లెక్కా?

వ్యాకరణం కూడా అంతే. "ఐ లైక్ మ్యాంగో" నుంచి వెళ్తే స్పానిష్ తలకిందులుగా కనిపిస్తుంది. 'మె గుస్తా ఎల్ మాంగో' అంటే "నాకు మామిడిపండు ఇష్టం". 'మె' అంటే నాకు. 'మె దువేలె లా కబేసా' అంటే నాకు తల నొప్పిగా ఉంది. మనం "మాట్లాడతాను" అంటే చాలు, 'నేను' విడిగా చెప్పక్కర్లేదు కదా? అక్కడా 'ఆబ్లో' అంటే చాలు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'తూ', 'ఉస్తెద్'.

అందుకని నేను 60 మాటలు తెలుగు లిపిలో రాసి అక్కకి పంపాను. అగ్వా, లేచే, గ్రాసియాస్, పోర్ ఫబోర్, బాన్యో. అంటే నీళ్లు, పాలు, థాంక్స్, ప్లీజ్, బాత్రూమ్. దీనికి రెండు లిమిట్స్ ఉన్నాయి, అవీ చెప్పాలి. తెలుగు లిపి మెట్టు మాత్రమే, రెండు నెలల్లో అసలు స్పెల్లింగ్‌కి మారిపోవాలి. రెండోది, వాళ్లకి బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. ఇందులో తెలుగు మనకేం సాయం చేయదు. 'లా మెసా', 'ఎల్ లీబ్రో' అని ముందున్న ముక్కతో కలిపే నేర్పాలి.

ఫోన్‌ని ఇక్కడ చెక్ చేయడానికి వాడండి. ట్రాన్స్‌లేట్‌లో మైక్ నొక్కి పిల్లల్ని మాట అనమనండి, ఫోన్ సరిగ్గా రాస్తే పలుకు చాలావరకు బాగున్నట్టే. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో గొంతు కూడా చూసి ఎంచుకోండి. స్పెయిన్‌లో ఎక్కువమంది గ్రాసియాస్‌లోని 'స'ని ఇంగ్లిష్ థింక్‌లో మొదటి శబ్దంలా పలుకుతారు, మెక్సికోలో అలా పలకరు. మాకు అమెరికా స్పానిష్ గొంతు సరిపోయింది.

ఒక్క చిన్న గీత

మేలో చిన్ని, అక్క ఫోన్ నుంచి నాయనమ్మకి వాట్సాప్ చేసింది: నాకు 7 ఏళ్లు అని. స్పానిష్‌లో 'తెంగో 7 ఆఞోస్'. ఆ మాటలో ఎన్ అక్షరం మీద అల వంటి గీత ఉంటుంది. ఇంగ్లిష్ కీబోర్డులో అది కనిపించక చిన్ని మామూలు ఎన్ కొట్టింది. గీత లేకపోతే అది ఏళ్ల మాట కాదు, శరీరంలో నలుగురిలో పేరు చెప్పని భాగం అవుతుంది. అవి 7 ఉన్నాయని వెళ్లింది మెసేజ్. ఆవిడ పది నిమిషాలు నవ్విందట.

అందుకే స్పానిష్ కీబోర్డ్ యాడ్ చేయమన్నది. అందులో ఎల్ పక్కనే ఆ అక్షరం ఉంటుంది. పలుకు కోసం మాత్రం సెట్టింగ్ అక్కర్లేదు. అది మన ఞ. చిన్నప్పుడు బట్టీ పట్టి ఎక్కడా వాడకుండా వదిలేసిన అక్షరానికి చివరికి ఒక పని దొరికింది.

మా టైమ్‌టేబుల్

రోజుకి 20 నిమిషాలు, అంతే. 10 నిమిషాలు ఒక వీడియో, 5 నిమిషాలు ఒక కథ, 5 నిమిషాలు అక్కతో మాటలు. వీడియో మధ్యలో ఆపి "ఇప్పుడేమంది?" అని అడగాలి. పక్కన మనిషి లేకుండా వదిలేసిన రోజుల్లో చిన్ని ఒక్క మాట కూడా కొత్తగా చెప్పలేదు. నా రివ్యూల్లో నేనెప్పుడూ రాయని స్పెసిఫికేషన్ ఇదే.

వారానికోసారి మామతో కాల్. అక్కడ శనివారం రాత్రి 8:30, ఇక్కడ ఆదివారం పొద్దున 7:00. ఒక నిమిషం స్పానిష్‌లో మాట్లాడితే రికార్డర్‌లో దాచుకుంటాం. మార్చి రికార్డింగ్, జులై రికార్డింగ్ పక్కపక్కన వింటే తేడా వాళ్లకే తెలుస్తుంది.

మీ పక్కన స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎవరూ లేకపోతే మీరే కలిసి నేర్చుకోండి. అపరిచితులతో మాట్లాడించే యాప్‌లు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఫైనల్ వెర్డిక్ట్

నాలుగు నెలల్లో చిన్ని స్పానిష్‌లో గలగలా మాట్లాడేస్తోందా? లేదు. 50 దాకా లెక్కపెడుతుంది, ఏం కావాలో అడుగుతుంది, నాయనమ్మ చెప్పిన పనులు అర్థం చేసుకుంటుంది. నిన్న ఏం జరిగిందో చెప్పమంటే ఇంకా తడబడుతుంది. ఖర్చు: సున్నా. ట్యాబ్ డబ్బు అక్క దగ్గరే ఉంది.

నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. చిన్ని అమెరికా వెళ్లి రెండేళ్లు. మనం తెలుగులో అడిగితే జవాబు ఇంగ్లిష్‌లో ఇచ్చేది. ఇప్పుడు స్పానిష్ కోసమైనా తెలుగు వాడాల్సి వస్తోంది. పోయిన ఆదివారం ఫోన్ తీయగానే, "మామా, నాయనమ్మకి నేను 'మంచినీళ్లు' నేర్పించా. 'ళ్ల' అస్సలు రావట్లేదు. ఎలా చెప్పాలి?" అంది.

మొత్తం తెలుగులోనే అడిగింది.